హోటల్లో మన చోటు

మా నాయన కాఫీ తాగే తీరు మా ఇంట్లో పిల్లలకు వింతగా ఉండేది. లోటాను పెదవికి తగలనివ్వకుండా జానెడు ఎత్తునుంచి నోట్లో పోసుకునేవారు. ఎంత వేడి కాఫీ అయినా ఒక్క చుక్క చొక్కా మీద పడేది కాదు. తాగిన లోటాను ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. తానే కడిగి, తానే బోర్లించేవారు. అమ్మ అందుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకునేవారు. మడి ఎక్కువ మనిషి అని చుట్టాలు చెప్పుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. అది మడి కాదని 1992లో, బెంగళూరు జయనగరలో, నిలబడి తినే ఒక హోటల్లో నాకు తెలిసింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మన హోటళ్ల సంగతి కొంత చెప్పాలి.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.కాం. ప్యాసై బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. అందులో హోటళ్లవాళ్ల కాగితాలు చాలానే చూశాను. మాది పాత పేటలోని కబ్బన్‌పేట. తాతల నాటినుంచి నేతపని. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగట్లో రెండూ కలిపి. మా పెద్దలు అనంతపురం వైపునుంచి వచ్చారంటారు గాని, మాకు తెలిసిన ఊరు బెంగళూరే.

హోటలు అనే మాట కొత్తదే గాని, డబ్బిచ్చి అన్నం తినడం మనకు కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మిత్రులకు ఒక పూటకూటి ఇంట్లో రూకకు చక్కని భోజనం దొరుకుతుంది. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మను ఎరగని తెలుగువాడు లేడు. ఆ నాటకం మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. అంటే కాకతీయుల ఓరుగల్లు మొదలు గురజాడ విజయనగరం దాకా, ఇల్లు వదిలి వచ్చినవాడికి దిక్కు పూటకూటి ఇల్లే. మా పేటలో దాన్నే ఖానావళి అనేవారు. అయితే అది పేరుకు తగ్గట్టు ఇల్లే. ఎవరింట ఎవరు తినవచ్చునో, ఏ పంక్తిలో ఎవరు కూర్చోవచ్చునో ముందే తేలిపోయి ఉండేది. ఊరూ పేరూ కులమూ తెలియని నలుగురు ఒకే గదిలో కూర్చొని ఒకేసారి తినడం అనేది మాత్రం మన దేశంలో నిన్న మొన్నటి మాట.

ఆ మాట బెంగళూరులో ఎలా మొదలైందో చూద్దాం. 1898లో ఊరిలో ప్లేగు వచ్చింది. ఇరుకు సందుల పేటలో జనం పిట్టల్లా రాలిపోయారు. గాలీ వెలుతురూ ఉండేట్టు, వెడల్పు రోడ్లతో మల్లేశ్వరం, బసవనగుడి విస్తరణలు పెరిగాయి. పేటలో ఉన్నన్నాళ్లు పనీ ఇల్లూ ఒకే కప్పు కింద ఉండేవి. మగ్గం దగ్గరినుంచి లేస్తే వంటింట్లో పడేవాళ్లం. కొత్త విస్తరణల్లో ఇల్లొకచోట, కచేరీ ఒకచోట, కాలేజీ మరొకచోట. పల్లెలనుంచి చదువుకు వచ్చిన పిల్లలు అద్దె గదుల్లో ఉండేవారు. నడిమధ్యలో ఆకలయ్యే మనిషి అప్పుడే పుట్టాడు. ఆ ఆకలిని కనిపెట్టినవాళ్లు ఉడుపి వైపు వంటవాళ్లు.

1924లో పరంపళ్లి యజ్ఞనారాయణ మయ్య, ఆయన సోదరులు లాల్‌బాగ్ దగ్గర ఒక చిన్న హోటలు పెట్టారు. మొదట దాని పేరు బ్రాహ్మిన్ కాఫీ క్లబ్. 1960లో మావళ్లి టిఫిన్ రూమ్స్ అయింది. అదే మనందరం చెప్పుకునే ఎం.టి.ఆర్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరువొస్తే, బియ్యం బదులు రవ్వతో ఇడ్లీ వేసిన ఘనత తమదేనని ఆ హోటలువారు చెబుతారు. 1943లో గాంధీబజారులో విద్యార్థి భవన వెలిసింది. పేరులోనే ఉంది, అది చదువుకునే పిల్లల కోసం పెట్టినదని. ఈ రెండు హోటళ్లూ ఇప్పటికీ ఉన్నాయి. ఆదివారం పొద్దున వాటి ముందు నిలబడే జనాన్ని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ కాలపు హోటళ్ల పేర్లలో బ్రాహ్మణ శబ్దం ఎందుకు అంత ఎక్కువ? దీనికి శాస్త్రాలు వెతకనక్కరలేదు, వ్యాపారం తెలిస్తే చాలు. ఎవరు వండారన్నదే పెద్ద ప్రశ్న అయిన సమాజంలో, బ్రాహ్మణుడు వండింది అన్ని కులాలవారూ తింటారు. కనుక ఆ బోర్డు పెడితే గిరాకీ ఎక్కువ. వంటవాడి విషయం అంతటితో తేలింది. తినేవాడి విషయం తేలలేదు. అందుకే దక్షిణ దేశంలో చాలాచోట్ల హోటలు లోపల ఒక గది బ్రాహ్మణులకు, బయట వసారా ఇతరులకు. ఇంకా కిందివారనుకున్నవాళ్లకు వసారా కూడా లేదు. వీధిలో నిలబడి, చేతులు దోసిలి పడితే పైనుంచి పోసేవారు. వండే చెయ్యి ఒక్కటే, పిండి ఒక్కటే, డబ్బు ఒక్కటే. చోటు మాత్రం మూడు రకాలు.

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అందులో 15వ అధికరణం హోటళ్ల పేరెత్తి మరీ, కులం కారణంగా ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆపకూడదని చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకో అడుగు వేసింది. హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడ అందరి వాడుకకు ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో వాడనివ్వకపోవడం కూడా నేరమేనంది. బ్యాంకు పరీక్షల కోసం చట్టాలు చదివే రోజుల్లో ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒక దేశం చట్టం చేసి మరీ గ్లాసు గురించి చెప్పవలసి వచ్చింది!

చట్టం వచ్చినంతమాత్రాన బోర్డులు దిగలేదు. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు పేరులోని బ్రాహ్మణ శబ్దం తీసేయాలని పెరియార్ అనుచరులు నెలల తరబడి ధర్నా చేసి జైళ్లకు వెళ్లారు. మరుసటి ఏడు ఆ బోర్డు మారింది. ఈ పత్రిక చదివే తమిళనాడు పెద్దల్లో కొందరికి అది గుర్తుండే ఉంటుంది.

మేము పేట వదిలి జయనగర చేరింది 1978లో. 1948లో మొదలైన విస్తరణ అది. అప్పటికి ఊరి చివర. మగ్గాలు పోయి, నాయన ఒక బట్టల అంగట్లో గుమాస్తా అయ్యారు. నాలుగో బ్లాకులో హోటళ్లు ఉండేవి. కుర్చీలు, పాలరాతి బల్లలు, ఏమేమి ఉన్నాయో గుక్క తిప్పుకోకుండా అప్పగించే సర్వర్లు. అప్పటికి లోపలి గదులూ వసారాలూ ఎక్కడా లేవు. ఎవరైనా వెళ్లి ఎక్కడైనా కూర్చోవచ్చు. పండగకు బట్టలు కొన్న రోజున అమ్మ మమ్మల్ని మసాలా దోసెకు తీసుకెళ్లేది. నాయన మాత్రం లోపలికి వచ్చేవారు కాదు. సంచులు పట్టుకొని ఎదురుగా చెట్టు కింద నిలబడేవారు. "మీరు పోయి తినేసి రాండి, నాకు ఆకలి లేదు" అనేవారు. డబ్బుకు వెనకాడుతున్నారనుకున్నాను. నా దోసెలో సగం కట్టించి తెచ్చి ఇస్తే, ఇంటికి వెళ్లాక తినేవారు.

హోటలు ధర అనేది ఆ రోజుల్లో ప్రభుత్వం దాకా వెళ్లిన విషయం. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు టిఫిన్ల ధరలు తగ్గించి అమ్మాలని ఆదేశాలు వచ్చాయి. ఆ ధరకు తమ నాణ్యత ఇవ్వలేమని ఎం.టి.ఆర్. వారు హోటలు మూసి, ఇంట్లో కలుపుకునే పిండి పొట్లాలు అమ్మడం మీద దృష్టి పెట్టారు. తర్వాత ఆ పొట్లాలే హోటలుకంటే పెద్ద వ్యాపారం అయ్యాయి. 2007లో ఆ పొట్లాల కంపెనీని నార్వేవారు కొన్నారు. హోటలు మాత్రం మయ్య కుటుంబం చేతిలోనే ఉంది. మంచి ఇడ్లీ సామాన్యుడి ధరకు ఇవ్వడం ఎలా అన్న ప్రశ్నకు అప్పటికి జవాబు దొరకలేదు.

జవాబు మా జయనగరలోనే దొరికింది. 1983లో ఇక్కడ కెఫే దర్శిని వచ్చింది. ఆర్. ప్రభాకర్ గారి ఆలోచన అది. కుర్చీ లేదు, సర్వరు లేడు. ముందు డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి. చీటీ అక్కడ ఇస్తే, కళ్లెదుటే దోసె వేసి చేతికిస్తారు. నడుము ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. తిన్న ప్లేటు తొట్టిలో వేసి వెళ్లాలి. పదేళ్లలో ఊరంతా దర్శినులే. పేరు చివర దర్శిని, సాగర్ లేని వీధి లేకపోయింది.

ఈ హోటలు లెక్క నాకు బ్యాంకులో చేరాక అర్థమైంది. మాటవరసకు ఇలా అనుకోండి. కుర్చీ ఉన్న హోటల్లో మనిషి అరగంట కూర్చుంటాడు. గంటకు ఒక కుర్చీ మీద ఇద్దరు. నిలబడినవాడు పది నిమిషాల్లో కానిస్తాడు. గంటకు ఆరుగురు. పైగా ఒక కుర్చీ, దాని ముందు బల్ల పట్టే చోటులో ఇద్దరు నిలబడవచ్చు. అంటే ఇద్దరికి పెట్టిన చోట పన్నెండుమంది తింటారు. అద్దె పన్నెండు భాగాలవుతుంది. సర్వరు జీతం లేదు. పద్దు రాసుకొని తినే ఖాతాదారులు లేరు, కనుక మొండి బకాయి లేదు. బియ్యం, ఉద్దిపప్పు వారం అరువుకు వస్తాయి. ఇడ్లీ డబ్బు ముందే పెట్టెలో పడుతుంది. మా భాషలో చెప్పాలంటే, రోజువారీ పెట్టుబడికి బ్యాంకును అడగనక్కరలేని వ్యాపారం ఇది. వాళ్లు మా దగ్గరికి వచ్చేది గ్రైండరు కొనడానికో, ఇంటివాడికి అడ్వాన్సు కట్టడానికో అంతే.

జమాఖర్చులో కనిపించని లాభం ఇంకొకటి ఉంది. నిలబడి తినేచోట లోపలి గది అంటూ ఉండదు. కార్లో వచ్చినవాడూ, ఆటో నడిపేవాడూ ఒకే బల్ల మీద ప్లేట్లు పెట్టుకోవాలి. ఎవరూ సమానత్వం కోసం ఆ హోటలు పెట్టలేదు. చోటు పొదుపు కోసం పెట్టారు. అయినా అంతకుముందు చట్టం చెప్పిన మాటకు ఒక అలవాటు తోడైంది.

1992లో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అందిన ఆదివారం నాయనను పట్టుబట్టి దర్శినికి తీసుకెళ్లాను. అక్కడ కూర్చునేది లేదని చెప్పగానే ఆయన వస్తానన్నారు. అది నాకు ఆశ్చర్యం. నాలుగు ఇడ్లీలు, రెండు వడలు, రెండు కాఫీలకు చీటీ తీసుకున్నాను. ఆయన మూలగా, కొళాయి దగ్గరి బల్ల చూసుకొని నిలబడ్డారు. ఇడ్లీ మెల్లగా తిన్నారు. కాఫీ వచ్చింది. స్టీలు గ్లాసు ఎత్తి పోసుకుంటుండగా, పక్కన ఎవరో కాలేజీ అబ్బాయి మోచెయ్యి తగిలింది. ఎన్నడూ చుక్క ఒలకని మనిషి చొక్కా నిండా కాఫీ. ఆ పిల్లవాడు కంగారుపడి తన జేబురుమాలు ఇచ్చాడు. నాయన తుడుచుకొని, తిరిగి ఇచ్చేసి, మిగిలిన కాఫీ మళ్లీ ఎత్తి పోసుకునే తాగారు.

తర్వాత నేను చూస్తుండగా కొళాయి దగ్గరికి వెళ్లి గ్లాసు కడగడం మొదలుపెట్టారు. కడిగి, ఎక్కడ బోర్లించాలా అని చూస్తున్నారు. ప్లేట్లు ఏరే ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. పన్నెండేళ్లు ఉంటాయేమో. "బిడి సార్, నాను తొళీతీని" అంటూ గ్లాసు లాక్కొని తొట్టిలో వేశాడు. నాయన తడి చేతులతో అలాగే నిలబడిపోయారు.

ఇంటికి వస్తూ దారిలో అన్నారు: "నేను తాగిన గ్లాసు హోటల్లో ఇంకొగరు కడిగేది ఈ పొద్దే మొదుటిసారిరా."

"అందురికీ కడిగేది వాళ్లే కద నాయనా?"

"అందురికీ అనేది ఇప్పుడు."

అప్పుడు చెప్పారు. ఆయనకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు, అంటే 1940ల నడుమ, మా తాత చీరల మూట చిక్కపేటలో అప్పగించడానికి ఆయనను వెంట తీసుకెళ్లారు. కూలి డబ్బు చేతికి వచ్చింది. సంతోషంగా ఒక హోటలుకు పోయారు. వీళ్లకు వసారాలో బల్ల. కాఫీ వచ్చింది. పిల్లవాడికి తెలియదు, గ్లాసు నోటికి పెట్టుకొని తాగేశాడు. గల్లాపెట్టె దగ్గరి మనిషి గట్టిగా అరిచాడు, గ్లాసు ఎంగిలి చేశాడని. లోపలి గదిలో తాగినవాళ్ల గ్లాసులు పనివాడు తీసుకెళ్లాడు. మా తాత మాత్రం కొడుకు తాగిన గ్లాసును వీధి కొళాయి దగ్గర మట్టితో తోమి, కడిగి, అందరూ చూస్తుండగా తెచ్చి బోర్లించవలసి వచ్చింది. తాత కొడుకును ఒక్క మాట అనలేదట. దారి పొడుగునా మాట్లాడలేదట. ఆయన మళ్లీ ఏ హోటలుకూ పోలేదు. నాయన ఆ ఇంటికి రాగానే బావి దగ్గర చెంబుతో నీళ్లు ఎత్తి పోసుకొని తాగడం నేర్చుకున్నారు. దొక్క తడిసేదాకా నేర్చుకున్నానన్నారు నవ్వుతూ.

కాసేపు నడిచి మళ్లీ అన్నారు: "ఆ పిల్లోనికీ అంతే వయిసు."

నాకు అప్పుడు ఆ మాట బరువు తెలియలేదు. నాయన కథలో పడి ఉన్నాను. తర్వాత తెలిసింది. 1986లో బాలకార్మిక చట్టం వచ్చినా, అది నిషేధించిన పనుల పట్టికలో హోటళ్లు లేవు. 2006 అక్టోబరు 10నుంచి మాత్రమే హోటళ్లలో, దాబాల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లలచేత పని చేయించడం నిషేధం. అంటే ఆ ఆదివారం ఆ పిల్లవాడు మా నాయన చేతిలోంచి గ్లాసు లాక్కున్నప్పుడు, అది ఆ బాలకార్మిక చట్టం నిషేధించిన పనుల్లో లేదు. 2006కు ముందు నా బల్ల మీదికి వచ్చిన హోటలు అప్పు కాగితాల్లో "క్లీనర్లు నలుగురు" అని రాసి, ఎదురుగా జీతం మొత్తం ఉండేది. మొత్తం సరిపోయిందా లేదా అని చూసేవాణ్ణి. వయసు రాసే గడి ఆ కాగితంలో లేదు. లేని గడి గురించి నేనూ అడగలేదు. అడిగి ఉండవచ్చు. అది నా లెక్కలో ఇంకా తీరని బాకీ.

మన భాషకు హోటల్లో దొరికిన చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1980లనుంచి బెంగళూరులో ఆంధ్రా భోజనం హోటళ్లు పెరిగాయి. అరిటాకు, పప్పు, కందిపొడి, గోంగూర. ఒకసారి నాయనను అక్కడికీ తీసుకెళ్లాను. ఆయన మా ఇంటి తెలుగులో "ఇంకా రొంత సారు పొయ్యప్పా" అన్నారు. వడ్డించేవాడు, నెల్లూరు వైపువాడు, ఒక్క క్షణం ఆగి, "మీరు తెలుగువాళ్లేనాండీ?" అని అడిగాడు. చెడ్డగా అడగలేదు. అయినా నాయన తర్వాత నాతో కన్నడంలో అడగమన్నారు. మా ఇంట్లో తెలుగు వంట అంటే రాగి సంగటి, ఉలవచారు, అవరెకాయ కూర. మా పిల్లలకు మాత్రం తెలుగు తిండి అంటే ఆ అరిటాకు భోజనమే. హోటలు ఒక చోటు ఇస్తుంది, ఇంకొక చోటు మరిపిస్తుంది.

చివరి రోజుల్లో నాయనకు మోకాళ్లు పట్టేశాయి. నిలబడి తినలేకపోయారు. కుర్చీలున్న హోటలుకు పోదామంటే రానన్నారు. దర్శినినుంచి కాఫీ ఫ్లాస్కులో తెచ్చేవాణ్ణి. 2011లో ఆయన పోయారు. చివరిదాకా లోటా ఎత్తి పోసుకునే తాగారు.

ఇప్పుడు చీటీ డబ్బు ఫోనుతో కడుతున్నాం. 2020లో కరోనాకు మూతపడిన హోటళ్లలో కొన్ని మళ్లీ తెరుచుకోలేదు. మా వీధి దర్శిని తెరుచుకుంది. గోడ పక్కన పెద్దవాళ్లకోసం నాలుగు కుర్చీలు కూడా వేశారు. తొట్టి దగ్గర పిల్లలు లేరు. ఒక నడివయసు ఆమె ఉంటుంది. ఎక్కడో ఉత్తర కర్ణాటకనుంచి వచ్చిందట. మధ్యాహ్నం ఎక్కడ కూర్చొని తింటావమ్మా అని ఈమధ్య అడిగాను. వెనక సందులో అని చెప్పింది. ఆ మాట యజమానితో అన్నాను. ఆయన నా బ్యాంకు ఖాతాదారే. చూద్దాం సార్ అన్నారు. నేను మళ్లీ అడుగుతాను.

హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో కూడా ఇలాంటి గ్లాసు కథలు ఉంటాయి. మీ ఊరి పాత హోటల్లో మీ తాతలు ఎక్కడ కూర్చున్నారో, ఎక్కడ నిలబడ్డారో పెద్దలు ఉండగానే అడగండి. రాసి ఈ పత్రికకు పంపండి.